బెర్గ్ జాతర, బాంబెర్గ్ పొగ బీరు, ఊరి కెల్లర్లు: ఫ్రాంకోనియాలో ఉన్న మనవాళ్ల కోసం

రేపల్లె రైలు

జర్మనీలో బవేరియా రాష్ట్రపు ఉత్తర భాగం ఫ్రాంకోనియా. అందులోని ఎర్లాంగెన్ వచ్చి నాకు ఇది నాలుగో ఏడు. మే నెల వచ్చిందంటే ఇక్కడి మన స్టూడెంట్ల గ్రూపుల్లో ఒకటే మాట: "అన్నా, బెర్గ్‌కి ఎప్పుడు?" ఏటా ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు ఈసారి ఒకచోట రాసి పెడదామని ఈ థ్రెడ్ మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు కలపండి, తప్పుంటే దిద్దండి.

బెర్గ్ అంటే బెర్గ్‌కిర్ష్‌వై. కిర్ష్‌వై అంటే చర్చి ప్రతిష్ఠ జరిగిన రోజుని తలచుకుంటూ ఊరు చేసుకునే పండగ. ఇక్కడి యాసలో 'కెర్వా'. మన ఊరి జాతర లాంటిదే: రంగులరాట్నం, మిఠాయి దుకాణాలు, దూరాన ఉన్న చుట్టాలు ఊరికి రావడం, అన్నీ ఉంటాయి. ఎర్లాంగెన్‌లో ఇది 1755 నుంచి జరుగుతోంది. పెంతెకొస్తు ఆదివారానికి ముందు గురువారం సాయంత్రం ఐదింటికి మేయర్ మొదటి పీపాకి సుత్తితో కుళాయి దిగ్గొడతారు. అక్కడి నుంచి 12 రోజులు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. క్లాసు అయ్యాక ఏమీ తినకుండా శనివారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లాను. లీటరు మగ్గు. పండగ కోసం కాచే బీరు మామూలు దానికన్నా గట్టిగా, 6 శాతం దగ్గర్లో ఉంటుంది. అది తెలియక అరగంటలో మొత్తం తాగేశాను. తల తిరిగి, మగ్గుకి కట్టిన డిపాజిట్ టోకెన్ ఎక్కడో పోగొట్టుకుని, తొమ్మిదిన్నరకే రూముకి వచ్చి పడుకున్నాను. ఆ రాత్రి నేను పండగ చూడనే లేదు.

మర్నాడు మా ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయన సంగతి విని, సోమవారం మధ్యాహ్నం మూడింటికి తనతో రమ్మన్నారు. ఆ వేళప్పుడు అక్కడ ముసలివాళ్లు, పిల్లల తల్లులు, ఆఫీసుకి సెలవు పెట్టినవాళ్లు ఉంటారు. చెట్ల కింద బల్లలు, మీద ఆకుల నీడ కదులుతూ ఉంటుంది. ఆయన నన్ను ముందు బల్ల దగ్గరికి కాకుండా గుట్టలో ఉన్న ఒక ఇనుప తలుపు దగ్గరికి తీసుకెళ్లారు. తలుపు సందులోంచి చల్లగాలి పాదాల మీదికి తగిలింది. బయట ఎండ, లోపల ఫ్రిజ్ తెరిచినట్టు ఉంది.

ఆ గుట్ట కడుపులో సొరంగాలున్నాయి. కరెంటు లేని కాలంలో బీరు నిలవ ఉంచడానికి తవ్వినవి. ఇక్కడి బీరు అడుగున పులిసే ఈస్టుతో చేసేది, దానికి చల్లదనం కావాలి. చలికాలంలో కాచి, పీపాలు సొరంగాల్లో పెట్టి, చెరువుల్లోంచి కోసిన మంచు దిమ్మలు పక్కన పేర్చేవారు. లోపల నేల వేడెక్కకుండా పైన చెట్లు నాటారు. చెట్లున్నాయి కాబట్టి నీడ, నీడ ఉంది కాబట్టి జనం వచ్చి పీపా దగ్గరే కూర్చుని తాగడం మొదలుపెట్టారు. అందుకే ఇక్కడివాళ్లు "కెల్లర్‌లోకి వెళ్దాం" అనరు, "కెల్లర్ మీదికి వెళ్దాం" అంటారు. నేలమాళిగ మీద కూర్చోవడం అన్నమాట. 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రం తెచ్చాక సొరంగాల అవసరం పోయింది. చెట్లు, బల్లలు, అలవాటు మాత్రం ఉండిపోయాయి.

ఆ సోమవారం నేను తాగింది ఒక్క మగ్గే. మూడు గంటలు పట్టింది. నా మాట వింటే బెర్గ్‌కి ఇలాగే వెళ్లండి.

---

కొత్త సెమిస్టర్

అన్నా, చాలా థాంక్స్. నేను మార్చిలో వచ్చాను. రెండు డౌట్లు. ఒకటి, నేను గుడ్డు కూడా తినను, అక్కడ నాకేం దొరుకుతుంది? రెండు, మ్యూనిక్‌లో జరిగే బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్ చూస్తే చాలు, మిగతావన్నీ చిన్నవి అని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

---

ఫ్యూర్త్ స్వాతి

తమ్ముడూ, నేను అసలు తాగను. ఆరేళ్లుగా ప్రతి కెర్వాకీ వెళ్తున్నాను. కాబట్టి తిండి సంగతి నేను చెప్తాను.

బ్రెట్సెల్, అంటే ముడి వేసినట్టుండే ఉప్పు రొట్టె, ఎలాగూ ఉంటుంది. దానితో 'గెరుప్‌ఫ్టర్' అడుగు. మిగతా బవేరియాలో ఒబాట్స్‌డా అంటారు. మెత్తటి చీజ్, వెన్న, ఉల్లిపాయ, ఎర్రటి పాప్రికా పొడి వేసి మెదిపింది. చూడ్డానికి మన రోటి పచ్చడి రంగులో ఉంటుంది. ఇంకొకటి ముల్లంగి. పొడుగాటి తెల్ల ముల్లంగిని స్ప్రింగులా ఒకే చుట్టగా కోసి ఉప్పు జల్లుతారు. ఐదు నిమిషాలాగితే నీరు ఊరుతుంది, అప్పుడు తినాలి. ఒక్కటి జాగ్రత్త: బంగాళాదుంప ఉండతో గ్రేవీ అని మెనూలో కనిపిస్తే శాకాహారం అనుకోకు. ఆ గ్రేవీ మాంసం రసమే. నేను మొదటిసారి అడగకుండా తిని, తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. నోరు తెరిచి అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు.

తాగనివాళ్లకి ఆపిల్ షోర్లే ఉంది, అంటే ఆపిల్ జ్యూస్‌లో సోడా. కోలా, నారింజ కలిపిన ష్పెత్సీ ఉంది. ఆల్కహాల్ లేని బీరు కూడా అదే గ్లాసులో ఇస్తారు. "నువ్వెందుకు తాగట్లేదు" అని ఇక్కడి బల్ల మీద నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అలా అడిగింది మనవాళ్లే. దయచేసి ఆ పని మానండి. పక్కనవాళ్లు ఏం తాగుతున్నారో లెక్క పెట్టకుండా కూర్చోగలిగితే ఆడపిల్లలం మేమూ హాయిగా వస్తాం.

అక్టోబర్‌ఫెస్ట్ ఒకసారి చూడు. కానీ అక్కడ అమ్మేది మ్యూనిక్ నగరంలోని ఆరు పెద్ద బ్రూవరీల బీరు మాత్రమే. ఇక్కడ ఒక్కో ఊరికి ఒక్కో బీరు.

---

మాల్ట్ బస్తా

నేను హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో బీరు కాస్తాను. ఈ థ్రెడ్ చదివి ఉండలేక రాస్తున్నాను. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక ఈ పనిలోకి వచ్చినవాళ్లలో నేనొకణ్ణి. మా స్టోరులో మాల్ట్ బస్తాల మీద ఉండే ఊరి పేరు బాంబెర్గ్. అక్కడి వైయర్‌మాన్ కంపెనీ 1879 నుంచి మాల్ట్ చేస్తోంది. రోజూ బస్తా కోస్తూ ఆ పేరు చదివి చదివి, రెండేళ్ల క్రితం సెలవు పెట్టి ఆ ఊరు చూడ్డానికే వచ్చాను.

బాంబెర్గ్ అంటే రౌఖ్‌బియర్, పొగ బీరు. అది కొత్తగా కనిపెట్టిన రుచి కాదు. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆ మొలకని ఆరబెడితే మాల్ట్. ఎండ తక్కువ ఉన్న దేశాల్లో కట్టెల మంట మీద ఆరబెట్టేవారు. అంటే ఒకప్పుడు అలా చేసిన బీర్లన్నిటికీ ఎంతో కొంత పొగ వాసన ఉండేది. తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాయి, అందరూ మారారు. బాంబెర్గ్‌లో బీరు కాచే రెండు ఇళ్లు మారలేదు: ష్లెంకెర్లా, ష్పెత్సియాల్. ఇప్పటికీ బీచ్ చెట్టు కట్టెల మీద మాల్ట్ సొంతంగా ఆరబెట్టుకుంటాయి. ష్లెంకెర్లా ఇంటి ప్రస్తావన 1405 నాటి కాగితాల్లో ఉంది, ష్పెత్సియాల్‌ది 1536.

పనివాడిగా నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. ష్లెంకెర్లా వాళ్లు హెల్లెస్ అని ఇంకో బీరు చేస్తారు. అందులో పొగ మాల్ట్ వెయ్యరు. అయినా పొగ వాసన వస్తుంది. అవే గిన్నెలు, అదే ఈస్టు కాబట్టి. ఎన్నాళ్ల నుంచో ఊరగాయ పెట్టిన జాడీలో ఏం పోసినా ఆ ఘాటు పట్టినట్టు. మేము ప్రతి బ్యాచికీ కొత్తగా కడిగి, ఏ వాసనా మిగలకుండా చూసుకుంటాం. మాకు అది తప్పదు, ఒకే ట్యాంకులో ఇవాళ గోధుమ బీరు, వచ్చే నెల మామిడి బీరు. అక్కడ గిన్నెకే జ్ఞాపకం ఉంది.

---

కూకట్‌పల్లి టు న్యూరెంబర్గ్

నేను ఒప్పుకోను అన్నా. ష్లెంకెర్లాలో తాగాను. కాల్చిన మాంసం వాసన, పొయ్యి ఊదినప్పుడు గొంతులోకి పోయే పొగ. సగం వదిలేశాను. టూరిస్టులు ఫొటో కోసం కొంటున్నారు తప్ప ఎవరికి నచ్చుతుంది? పాతదైనంత మాత్రాన మంచిదైపోదు కదా.

---

రేపల్లె రైలు

నచ్చకపోవడం తప్పు కాదు. మూడోది తాగితే గానీ రుచి తెలియదని వాళ్లే అంటారు. నాకు రెండోసారి వెళ్లినప్పుడు తెలిసింది. అయితే టూరిస్టుల కోసమే అన్న మాట మాత్రం సరికాదు. మంగళవారం పొద్దున పదకొండింటికి వెళ్లు. చేతికర్రలతో వచ్చి, ఏటా అదే మూల బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కనిపిస్తారు. చెక్క పీపా కౌంటర్ మీదే ఉంటుంది. గ్యాసు పెట్టి నెట్టరు, పీపా కుళాయి తిప్పితే తన బరువుకి తనే దిగుతుంది.

పొగ ఎక్కువనిపిస్తే నది దాటి ష్పెత్సియాల్‌కి వెళ్లు. అక్కడి లాగర్ రకం బీరులో పొగ పలచగా ఉంటుంది. అదీ వద్దంటే మార్స్ బ్రాయ్ అనే బ్రూవరీలో 'ఊ' అడుగు. అంతే, ఒక్క అక్షరం. 'ఉన్‌గెష్పుండెట్' అన్న మాటకి పొట్టి పేరు. పీపా మూత పూర్తిగా బిగించకుండా పులియబెట్టిన బీరు. అందుకని గ్యాసు తక్కువ, కడుపు ఉబ్బరంగా ఉండదు. ఇక్కడ అర లీటరుని సైడ్లా అంటారు. "ఐన్ సైడ్లా" అని అడిగిన రోజు మొదటిసారి వడ్డించే ఆవిడ నాతో ఇంగ్లిష్ మానేసి వాళ్ల యాసలో మాట్లాడింది. సగం అర్థం కాలేదు. కానీ ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను.

---

మోకు ముస్తాదు

నమస్తే అందరికీ. మాది నల్లగొండ జిల్లా. నాన్న, తాత గీత కార్మికులు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. బీరు గురించి నాకు పెద్దగా తెల్వదు, కానీ మీరు చెప్తున్నదంతా నాకు మా ఇంటి ముచ్చట లెక్కనే అనిపించింది.

కల్లు కూడా చెట్టుకి చెట్టుకి వేరు. చలికాలం ఈత కల్లు తియ్యగ ఉంటది. ఎండాకాలం తాటి కల్లు. తాళ్లలో మగ చెట్టుది పోతుతాడు, ఆడ చెట్టుది పరుపుతాడు, రెండిటి రుచీ ఒకటి కాదు. పొద్దున దించినది ఎనిమిదింటికి ఒక రుచి, పదకొండింటికి ఇంకో రుచి, సాయంత్రానికి పులుపు. మేము ఈస్టు కలపం. గాలిలో, లొట్టిలో ఉన్నదే పులియబెడుతుంది. నాన్నకి లొట్టి వాసన చూస్తే ఏ చెట్టుదో తెలుస్తది. గిన్నెకి జ్ఞాపకం అని మాల్ట్ అన్న అన్నది చదివి నాన్నకి వినిపించిన. "అవును మరి, లొట్టి కొత్తదైతే కల్లు కుదరదు" అన్నడు.

నాకు ఒక బాధ ఉంది. పట్నంల చాలా దుకాణాలల్ల కల్లు పేరుతో అమ్మేది కల్లు కాదు. నీళ్లలో మత్తుమందు, చక్కెర కలిపిన మందు కల్లు. అది తాగి మనుషులు చనిపోయిన్రు కూడా. దాంతో జనానికి కల్లంటేనే అసహ్యం పుట్టింది. నలభై అడుగుల చెట్టు మోకు కట్టుకుని ఎక్కేటోడి కష్టం, ప్రాణం మీదికి తెచ్చుకుని దించిన కల్లు, రెండూ ఆ పేరులో కొట్టుకుపోయినయ్. బీరులో ఏముండాలో అక్కడ చట్టం ఉందట కదా, దాని గురించి ఎవరన్నా చెప్పండి.

---

మాల్ట్ బస్తా

ఉంది తమ్ముడూ. అందరికీ తెలిసింది 1516 ఏప్రిల్ 23న బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్‌లో ప్రకటించినది. బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని. ఈస్టు పేరు అందులో లేదు. అప్పట్లో బాంబెర్గ్ బవేరియాలో లేదు, వాళ్లకి అంతకు ముందే 1489లో సొంత ఉత్తర్వు ఉంది. గోధుమలు రొట్టెకి మిగలాలని, బీరు ధర అదుపులో ఉండాలని కూడా ఆ నియమాల వెనుక ఉద్దేశం ఉంది. పళ్లు, మసాలాలు వేసుకునే స్వేచ్ఛ పోయిందని నాలాంటి బ్రూవర్లు వాదిస్తాం, నిజమే. కానీ నీ పోస్టు చదివాక ఆ నియమం ఉన్న ఊళ్లో తాగేవాడికి ఎంత ధైర్యమో అర్థమైంది. గ్లాసులో ఏముందో అనుమానం లేకుండా తాగగలగడం చిన్న విషయం కాదు.

---

లూవెన్ లలిత

మోకు ముస్తాదు గారూ, మీ నాన్నగారిని బ్రస్సెల్స్ తీసుకురావాలి. నేను బెల్జియంలో ఉంటాను. ఇక్కడ లాంబిక్ అనే బీరుంది, దానికీ ఈస్టు కలపరు. కాచిన రసాన్ని రాత్రంతా పెద్ద వెడల్పాటి పళ్లెం లాంటి రాగి తొట్టిలో పైకప్పు కింద తెరిచి పెడతారు. రాత్రి గాలిలో ఉన్నవి అందులో పడతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి పులుస్తుంది. చలికాలంలోనే చేస్తారు, ఎండాకాలం గాలిలో చెడ్డవి ఎక్కువ.

బ్రస్సెల్స్‌లో కాంటియోఁ అని 1900 నుంచి ఉన్న బ్రూవరీకి వెళ్లాను. అటక మీది బూజు కూడా దులపరు. సాలెపురుగులు పీపాల మీది ఈగలని తింటాయట, అందుకని వాటి జోలికి పోరు. మొదటి గుక్క పుల్లగా, పుల్లటి మజ్జిగలో నిమ్మకాయ పిండినట్టు అనిపించింది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కోనసీమ, చిన్నప్పుడు అక్కడి కల్లుపాక పక్క నుంచి నడిచిన వాసన ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఆ వాసన గుర్తు రావడం అదే మొదలు.

ఆ చుట్టుపక్కల లాంబిక్ చేసేవాళ్లలో చాలామంది రెండేళ్లకోసారి 'టూర్ ద గ్యోజ్' పేరుతో తలుపులు తెరుస్తారు. బస్సుల్లో ఒక బ్రూవరీ నుంచి ఇంకో దానికి తిప్పుతారు. పండగ అంటే నాకు అదే ఎక్కువ ఇష్టం, పీపా పక్కన నిలబడి చేసినాయన చేత్తో పోయించుకోవచ్చు.

---

మోడరేటర్

చర్చ బాగుంది. వెళ్లేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. జర్మనీలో కారుకి పరిమితి కిలో రక్తానికి 0.5 గ్రాము ఆల్కహాల్, దీన్నే 0.5 ప్రొమిల్ అంటారు. 21 ఏళ్లలోపు వాళ్లకీ, కొత్త లైసెన్సు తీసుకుని రెండేళ్ల ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకీ సున్నా. సైకిలే కదా అనుకోకండి, 1.6 దాటితే సైకిల్ మీద కూడా నేరమే. వీసా మీద ఉన్నవాళ్లం, ఆ టెన్షన్ మనకొద్దు. రైల్లో వెళ్లండి, రైల్లో రండి.

---

ఫ్యూర్త్ స్వాతి

రైలు మాట వచ్చింది కాబట్టి: జులై చివర్లో ఫోర్ష్‌హైమ్‌లో అన్నాఫెస్ట్ ఉంటుంది. సెయింట్ అన్నా రోజు, అంటే జులై 26 అటూ ఇటూ, 11 రోజులు. ఊరి పక్క అడవిలోనే ఇరవైకి పైగా కెల్లర్లున్నాయి. ఎర్లాంగెన్ నుంచి రైలు దగ్గరే. మనం ఈసారి కలిసి వెళ్దామా? నేను పులిహోర కలిపి తెస్తాను.

---

కొత్త సెమిస్టర్

అక్కా, బయటి తిండి లోపలికి రానిస్తారా?

---

రేపల్లె రైలు

పండగ రోజుల్లో కెల్లర్‌ని బట్టి ఉంటుంది, ముందు అడగాలి. మామూలు రోజుల్లో చాలా కెల్లర్లలో రానిస్తారు. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ మ్యూనిక్ బ్రూవర్లకి చెట్ల కింద బీరు అమ్ముకోమని, బ్రెడ్ తప్ప వేరే తిండి అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. హోటళ్లవాళ్ల వ్యాపారం పోకూడదని. దాంతో జనం ఇంటి నుంచి మూట కట్టుకుని రావడం అలవాటైంది. బీరు మాత్రం అక్కడే కొనాలి. ఒక పని చేద్దాం, పండగకి ముందు వారం వెళ్దాం. జనం తక్కువ, పులిహోరకి ఇబ్బంది ఉండదు.

---

కొత్త సెమిస్టర్

నిన్న వెళ్లొచ్చాం. ఏడుగురం. నిద్ర పట్టక రాస్తున్నా.

కొండ ఎక్కుతుంటేనే ఉల్లిపాయ వేగే వాసన. పొడుగు బల్ల సగం ఖాళీగా ఉంటే, అవతలి సగంలో కూర్చున్న ముసలి దంపతుల్ని అడిగి కూర్చున్నాం. వాళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకున్నారు. గళ్ల గుడ్డ పరిచి, చిన్న చెక్క పలక, కత్తి, ముల్లంగి, ఉప్పు డబ్బా. స్వాతక్క స్టీలు డబ్బా మూత తీసింది. ఇంగువ, పోపు వాసన. ఆయన మెడ చాచి చూశాడు. అక్క మూతలో కొంచెం పెట్టి ఇచ్చింది. ముందు వేరుశెనగపప్పు ఏరుకుని తిన్నాడు, తర్వాత అన్నం. ఎండుమిర్చి కొరికి కళ్లలో నీళ్లొస్తే ఆవిడ నవ్వి ఆయన మగ్గు ముందుకి జరిపింది. తర్వాత ముల్లంగి మొత్తం మా వైపు తోసి, ఉప్పు వేశాక ఆగాలని చేత్తో చూపించాడు. మేము ఆగాం.

నేను ఒక్క సైడ్లా తీసుకున్నా, రెండు గంటలు కూర్చున్నా. ఆయన తాతగారి కాలంలో ఈ కెల్లర్ ఎవరిదో, ఎవరి బీరు ఇక్కడికి వచ్చేదో చెప్తూనే ఉన్నాడు. రేపల్లె అన్న తర్జుమా చేశాడు. నాలుగు నెలల్లో ఇక్కడివాళ్లతో కూర్చుని తినడం నాకు ఇదే మొదటిసారి.

---

రేపల్లె రైలు

సెప్టెంబర్‌లో ఔఫ్‌సెస్ నడకకి రండి. 1500 మంది కూడా లేని పంచాయతీ, నాలుగు బ్రూవరీలు, వాటిని కలిపే కాలిబాట 14 కిలోమీటర్లు. జనాభా లెక్కన అన్ని బ్రూవరీలు ఇంకెక్కడా లేవని 2000లో గిన్నిస్‌లోకి ఎక్కింది. ఆ తర్వాత తూర్పున విండిషెషెన్‌బాఖ్‌కి వెళ్దాం. అక్కడ త్సోయ్‌గ్ల్ ఉంది. ఊరందరికీ ఒకే కాచే ఇల్లు. బీరు కాచే హక్కు ఇంటికి ఉంటుంది, ఇల్లు ఎవరిదైతే హక్కు వాళ్లది. అందరూ ఒకేచోట కాచి, రసం ఇంటికి తెచ్చుకుని ఎవరి నేలమాళిగలో వాళ్లు పులియబెడతారు. కాబట్టి ఒకే పొయ్యి మీద కాగినా ఏ ఇంటి రుచి ఆ ఇంటిదే. బీరు సిద్ధమైతే గుమ్మానికి ఆరు కోణాల నక్షత్రం వేలాడదీస్తారు. వారాంతాల్లో ఇళ్లు వంతులు వేసుకుని తెరుస్తాయి.

---

మోకు ముస్తాదు

అన్నా, వంతులు మాకు కూడా ఉన్నయ్. చెట్లు పంచుకుంటం, ఎవరి చెట్లు వాళ్లు గీస్తరు. నక్షత్రం లేదు. ఎవరి దగ్గర మంచిగున్నదో వాడకట్టుల నోటి మాటతోనే తెలుస్తది.

సంక్రాంతికి ఎవరెవరు ఇండియా వస్తున్నరో చెప్పండి. మా ఊరికి రండి, నాన్నతో చెప్పిన. ఈత కల్లు మంచిగుండే రోజులు. పొద్దున ఆరున్నరకల్లా చెట్టు కింద ఉండాలి, ఆయన దిగేటప్పటికి. గ్లాసులు తేవద్దు. తాటాకు మడిచి పట్టుకుంటే లొట్టితోనే పోస్తడు, పైన తేలే తేనెటీగల్ని ఊదుకుంట తాగాలె. స్వాతక్క తాగకపోయినా రావచ్చు, అమ్మ సర్వపిండి చేస్తనన్నది. ఎంతమందో ముందే చెప్పండి, ఆ రోజు చెట్లు రోజూ కొనే వాడకందార్లకి ఒప్పుకోకుండ ఆపుతడు.